ఫోన్ తిప్పితే రాసింది పోకూడదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు క్రమశిక్షణ గురించో, చదువు విలువ గురించో రాద్దామనుకున్నాను. వాటి మీద నాకంటే బాగా రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. అందుకే ఎం.సి.ఏ.లో నేను నేర్చుకున్న దాంట్లోంచి మనందరికీ సంబంధం ఉన్న ఒక చిన్న విషయం తీసుకున్నాను. ఫోన్‌ను నిలువు నుంచి అడ్డానికి తిప్పినప్పుడు యాప్ ఏం చేయాలి? ఇదే ఆ విషయం. ఇంత చిన్నదానికి ఒక వ్యాసమా అని నవ్వకండి. దరఖాస్తుకు చివరి తేదీ నాడు ఇది ఎంత పెద్దదవుతుందో మనలో కొందరికి తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోన్ తిరగడం వాడేవాళ్ల తప్పు కాదు. తిరిగినప్పుడు వాళ్లు రాసుకున్నది చెరిగిపోతే ఆ తప్పు పూర్తిగా యాప్ తయారుచేసినవాళ్లది. ఈ మాట యాప్‌లు రాసేవాళ్లకు తెలియాలి. అంతకంటే ముందు మనకు తెలియాలి. ఎందుకంటే మనం యంత్రాన్ని అనుమానించం, మనల్ని మనమే అనుమానించుకుంటాం. మా అమ్మ ఏటీఎంలో డబ్బు రాకపోతే "నేనే ఏదో తప్పు నొక్కాను" అంటుంది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే కాబట్టి, "కాదమ్మా, మిషన్లో డబ్బు లేదు" అని చెప్పే పని నాకు పడింది. ఈ వ్యాసం కూడా అలాంటి పనే.

మన హాస్టల్లో ఫోన్ ఎలా వాడతామో ఒక్కసారి ఆలోచించండి. అందరికీ బల్లలు, కుర్చీలు ఉండవు. చాప మీద పడుకుని, గోడకు ఆనుకుని, లైటు ఎటు ఉంటే అటు తిరిగి వాడతాం. మనం పక్కకు ఒత్తిగిలితే ఫోన్ కూడా పక్కకు తిరుగుతుంది. మంచి ఫోన్ ఒక్కరి దగ్గర ఉంటే దాని చుట్టూ నలుగురం చేరతాం. ఒకరు టైపు చేస్తుంటే ఒకరు ఆదాయ ధ్రువపత్రం నంబరు చదువుతారు, ఇంకొకరు సరిచూస్తారు. ఫోన్ చేతులు మారిన ప్రతిసారీ ఒక వంపు తిరుగుతుంది. 2020లో కాలేజీలు మూతపడి ఆన్‌లైన్ క్లాసులు వచ్చినప్పుడు ఇంటికి ఒక్క ఫోన్‌తో అన్నాచెల్లెళ్లు చదువుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. ఆఫీసు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, ఫోన్‌ను నిటారుగా నిలబెట్టి పరీక్షించే ఇంజనీరుకు ఈ చేతులు మారడం తెలియదు. మనకు తెలుసు. ఇది మన పేదరికం గురించి చెప్పుకునే మాట కాదు. ఈ వృత్తిలో పనికొచ్చే అనుభవం.

నేను ఫైనలియర్‌లో ఉన్నప్పుడు నా పక్క మంచం చెల్లెలు ఒక దరఖాస్తు యాప్‌లో వివరాలు నింపుతోంది. మూడు పేజీలు అయిపోయాయి. జిల్లా, మండలం, గ్రామం, బ్యాంకు ఖాతా, ఫొటో అన్నీ పెట్టింది. నాలుగో పేజీలో సర్టిఫికెట్ నంబరు సరిగా ఉందో లేదో చూడమని ఫోన్ నా చేతికి ఇచ్చింది. ఆ ఇవ్వడంలో తెర అడ్డం తిరిగింది. యాప్ మొదటి పేజీకి వెళ్లిపోయింది. గడులన్నీ ఖాళీ. అప్పుడు ఆ పిల్ల అన్న మాట నేను మరిచిపోలేదు. "నేనే ఏదో నొక్కేశానక్కా" అంది. ఆమె ఏమీ నొక్కలేదు. రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని మళ్లీ మొత్తం నింపాం. అదృష్టం బాగుండి సర్వర్ పనిచేసింది. లేకపోతే ఒక సంవత్సరం పోయేది.

అసలు అక్కడ ఏం జరిగిందో చెబుతాను. ఫోన్ లోపల యాక్సెలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. ఫోన్ కదలకుండా ఉన్నప్పుడు భూమ్యాకర్షణ ఏ వైపు ఉందో అది పసిగడుతుంది. ఇంటర్మీడియెట్ ఫిజిక్స్‌లో చదువుకున్న 9.8 గుర్తుందా? నిలువుగా పట్టుకుంటే ఆ అంకె ఫోన్ పొడవు దిక్కున కనిపిస్తుంది, అడ్డంగా పట్టుకుంటే వెడల్పు దిక్కున కనిపిస్తుంది. దాన్నిబట్టి ఫోన్ ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లోనే ఈ సెన్సర్ ఉంది. ఆండ్రాయిడ్‌లో 2009లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి సెన్సర్‌ను బట్టి తెర తానే తిరగడం మొదలైంది. అంటే ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా "మేం ఊహించలేదు" అంటే చెల్లదు.

ఆండ్రాయిడ్‌లో తెర మీద కనిపించే ఒక్కో పేజీని సాధారణంగా యాక్టివిటీ అంటారు. ఫోన్ తిరగగానే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ యాక్టివిటీని రద్దుచేసి, కొత్త కొలతలతో మళ్లీ మొదటి నుంచి తయారుచేస్తుంది. నల్లబల్ల మొత్తం తుడిచి, వేరే ఆకారం ఉన్న బల్ల తెచ్చి పెట్టినట్టు అన్నమాట. ఇందులో దురుద్దేశం లేదు. నిలువుకు ఒక అమరిక, అడ్డానికి ఒక అమరిక ఉండవచ్చు కాబట్టి కొత్తగా గీయడమే తేలిక. అయితే తుడవబోయే ముందు, "నీ దగ్గర దాచుకోవాల్సింది ఏమైనా ఉంటే ఇవ్వు, తర్వాత తిరిగిస్తాను" అని ఆండ్రాయిడ్ యాప్‌ను అడుగుతుంది. ఆ కబురుకు యాప్ జవాబివ్వకపోతే రాసిన పాఠం పోతుంది. కబురు అందించడం ఫోన్ పని, జవాబివ్వడం ప్రోగ్రామర్ పని.

ఫోన్ తిరగడం ఒక్కటే కాదు. సెట్టింగుల్లో భాషను ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చినా, అక్షరాల సైజు పెంచినా, డార్క్ మోడ్ పెట్టినా, తెరను రెండు భాగాలు చేసినా మామూలుగా ఇదే తుడుపు జరుగుతుంది. కళ్లు సరిగా కనిపించక అక్షరాలు పెద్దవి చేసుకునే నాన్నకు, ఇంగ్లీషు అర్థంకాక తెలుగుకు మార్చుకునే అమ్మకు కూడా ఇదే కష్టం వస్తుందన్నమాట. తిరిగిన ఫోన్‌ను చక్కగా చూసుకునే యాప్ వీళ్లను కూడా చాలావరకు చక్కగా చూసుకుంటుంది.

ఇక దాచుకోవడం ఎలా? కంప్యూటర్స్ చదివే చెల్లెళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మిగిలినవాళ్లు కూడా చదవండి, కష్టమేమీ లేదు. దాచుకునే చోట్లు మూడు.

మొదటిది, ఆండ్రాయిడ్ తానే ఇచ్చే చిన్న సంచి. దాని పేరు సేవ్డ్ ఇన్‌స్టాన్స్ స్టేట్. ఎన్నో పేజీలో ఉన్నారు, ఏ మండలం ఎంచుకున్నారు వంటి చిన్న వివరాలు ఇందులో పెట్టాలి. పాత పద్ధతిలో టైపు చేసే గడికి ఐడీ ఇచ్చి ఉంటే అందులోని అక్షరాలను ఆండ్రాయిడ్ తానే ఇందులో దాస్తుంది. ఐడీ ఇవ్వడం మరిచిపోతే దాయదు. 2021లో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్‌లో "రిమెంబర్" అని రాస్తే తిరిగినప్పుడు పోతుంది, "రిమెంబర్ సేవబుల్" అని రాస్తే ఉంటుంది. తేడా ఒక్క మాట. కానీ ఈ సంచి చిన్నది. యాప్‌కు, వ్యవస్థకు మధ్య ఇలాంటి సమాచారం నడిచే దారి మొత్తానికి ఉన్న జాగా దాదాపు 1 ఎంబీ మాత్రమే. ఫొటోను ఇందులో కుక్కితే యాప్ మూతపడుతుంది. ఫొటోను ఫైలుగా పెట్టి దాని చిరునామా మాత్రం సంచిలో వేయాలి.

రెండోది వ్యూమోడల్. గూగుల్ 2017లో దీన్ని పరిచయం చేసింది. యాక్టివిటీ పోయి కొత్తది వచ్చినా ఇది పక్కన నిలబడి ఉంటుంది. సర్వర్ నుంచి తెచ్చిన జిల్లాల జాబితా, మండలాల జాబితా ఇక్కడ పెడితే ఫోన్ తిరిగిన ప్రతిసారీ మళ్లీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. రోజుకు ఇంత డేటా అని లెక్కపెట్టుకునే మనకు అది కూడా మేలే. అయితే వ్యూమోడల్ సర్వరోగ నివారిణి కాదు. ర్యామ్ తక్కువ ఉన్న ఫోన్‌లో ఓటీపీ కోసం మెసేజ్‌లోకి వెళ్లి, ఫొటో కోసం కెమెరాలోకి వెళ్లి వచ్చేలోపు ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ను మొత్తంగా ఆపేయవచ్చు. అప్పుడు వ్యూమోడల్ కూడా పోతుంది. చిన్న సంచి మాత్రం మిగులుతుంది.

మూడోది ఫోన్‌లోని నిల్వ. ఒక్కో పేజీ నిండగానే చిత్తుప్రతిగా ఫోన్‌లో రాసిపెట్టడం. తెర తిరిగినా, యాప్ ఆగినా, చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆరిపోయినా ఇది ఉంటుంది. నాలుగు పేజీల దరఖాస్తు ఉన్న ఏ యాప్‌కైనా ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త ఉంది. ఫోన్ పదిమంది చేతుల్లో తిరిగేది కాబట్టి, దరఖాస్తు పంపిన వెంటనే ఆ చిత్తుప్రతిని యాప్ చెరిపేయాలి. ఒకరి బ్యాంకు ఖాతా నంబరు ఇంకొకరికి కనిపించకూడదు.

రాసింది పోవడం కాకుండా ఇంకో ప్రమాదం కూడా ఉంది. పేజీ మొదలవగానే సర్వర్‌కు కబురు పంపేలా కొందరు ప్రోగ్రామ్ రాస్తారు. ఫోన్ తిరిగితే పేజీ మళ్లీ మొదలవుతుంది, కబురు మళ్లీ పోతుంది. ఆ కబురు ఫీజు కట్టడమే అయితే? ఒకే ఫీజు రెండుసార్లు పోయే ప్రమాదం ఉంటుంది. ఐదారు వందల రూపాయలు తిరిగి రావడానికి ఎన్నాళ్లు తిరగాలో మనకు చెప్పనక్కర్లేదు.

"ఇంత గొడవ ఎందుకు, యాప్‌ను నిలువుకే కట్టేస్తే పోలేదా?" అని కొందరు అంటారు. నిజమే, ఒక్క లైను రాస్తే తెర తిరగదు. చాలా యాప్‌లు చేసేది అదే. ఇల్లు ఎలుకలపాలైందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఈ పద్ధతి. తెర తిరగకపోయినా భాష మారుస్తారు, అక్షరాలు పెంచుతారు, ర్యామ్ చాలక యాప్ ఆగుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, కనిపించడం మాత్రం మానేస్తుంది. ఇంకొందరు "తెర తిరిగితే నేనే చూసుకుంటాను, నువ్వు తుడవకు" అని ఆండ్రాయిడ్‌కు చెప్పే పద్ధతి వాడతారు. ఫ్లట్టర్‌తో తయారుచేసిన యాప్‌లలో మామూలుగా ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. అందువల్ల తిప్పితే రాసింది పోదు. బాగుంది. కానీ యాప్ మొత్తంగా ఆగిపోతే అక్కడ కూడా పోతుంది. కాబట్టి ఫ్లట్టర్ నేర్చుకునే చెల్లెళ్లు తిప్పి చూసి సంతోషించి ఊరుకోవద్దు.

తెరను కట్టేయడం న్యాయం కూడా కాదు. చక్రాల కుర్చీకి ఫోన్‌నో ట్యాబ్లెట్‌నో అడ్డంగా బిగించుకుని వాడేవాళ్లు ఉంటారు. వాళ్లు దాన్ని తిప్పలేరు. అందుకే వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జూన్‌లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 మార్గదర్శకాల్లో 1.3.4 అనే నిబంధన పెట్టింది. నిజంగా అవసరమైతే తప్ప తెరను ఒకే దిక్కుకు కట్టేయకూడదన్నది దాని సారాంశం. పియానో వాయించే యాప్, బ్యాంకు చెక్కు వంటివి మినహాయింపుకు ఉదాహరణలు. స్కాలర్‌షిప్ దరఖాస్తు పియానో కాదు కదా! మన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లు, యాప్‌ల కోసం 2023లో వచ్చిన మార్గదర్శకాల మూడో కూర్పు కూడా డబ్ల్యూసీఏజీ 2.1నే ప్రాతిపదికగా తీసుకుంది.

పైగా ఆ కట్టడి ఇక ఎక్కువ కాలం నిలవదు. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16 కోసం తయారైన యాప్‌లు నిలువుకే కట్టేసుకున్నా, ట్యాబ్లెట్ల వంటి పెద్ద తెరల మీద ఆండ్రాయిడ్ ఆ కట్టును పట్టించుకోదు. ఆటలకు మినహాయింపు ఇచ్చారు, మిగిలినవాళ్లకు కొంత గడువు ఇచ్చారు. ట్యాబ్లెట్లు మనకెందుకు అనుకోవద్దు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్లెట్లు పంచింది. వీడియో పాఠం చూసేటప్పుడు ట్యాబ్లెట్‌ను ఎవరైనా అడ్డంగానే పట్టుకుంటారు.

ఐఫోన్‌లో కథ కొంచెం వేరు. అక్కడ తిరిగినంత మాత్రాన పేజీని తుడిచేయరు. కాబట్టి రాసింది సాధారణంగా పోదు. ఫోన్ దిశ మారిందని యాప్‌కు ఒక నోటిఫికేషన్ వస్తుంది. పొరపాటు జరిగేది దాన్ని అర్థంచేసుకోవడంలో. నిలువు, తలకిందులు, ఎడమ అడ్డం, కుడి అడ్డం కాక వెల్లకిలా, బోర్లా, తెలియదు అనే స్థితులు కూడా అందులో ఉన్నాయి. ఫోన్‌ను బల్ల మీద పెడితే "వెల్లకిలా" అని కబురు వస్తుంది. నిలువు కాకపోతే అడ్డమే అని లెక్కవేసే యాప్ అక్కడ తికమకపడుతుంది. ఆండ్రాయిడ్‌లో కోణాన్ని డిగ్రీల్లో చెప్పే ఏర్పాటు కూడా ఇంతే. ఫోన్‌ను చదునుగా పెడితే డిగ్రీలకు బదులు "తెలియదు" అనే అర్థంలో -1 ఇస్తుంది. అందుకే ఫోన్ ఎటు వంగిందని కాకుండా, తెర మీద ఇప్పుడు ఎంత వెడల్పు ఉందని అడగడం సరైన పద్ధతి. ఆపిల్ కూడా 2014లో ఐఓఎస్ 8తో పాత తిరుగుడు పద్ధతులను పక్కనపెట్టి, కొత్త కొలత ఎంతో చెప్పే పద్ధతికి మారింది.

నా మాటకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "ఆటో రొటేట్ ఆపుకుంటే సరిపోదా?" అంటారు. ఆ బొత్తాం ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆపుకుంటారు. తెలియనివాళ్ల సంగతేమిటి? దరఖాస్తు పెట్టడానికి కావలసిన అర్హతల్లో ఆ బొత్తాం తెలిసి ఉండాలని ఎక్కడా రాయలేదు. "ఫోన్ సరిగా పట్టుకోవాలి" అనే ప్రోగ్రామర్‌ను చూస్తే ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతే గుర్తొస్తుంది. "గడువు దగ్గరపడింది, సమయం లేదు" అనే మాట మాత్రం కొంత నిజం. ఉద్యోగాల్లో ఉన్న అక్కలు ఆ ఒత్తిడి గురించి నాకు చెప్పారు. కానీ యాప్ రాసేవాళ్ల గడువు వారం జరగవచ్చు, దరఖాస్తు పెట్టే పిల్ల గడువు రాత్రి పన్నెండు గంటలకు ముగుస్తుంది. ఇద్దరిలో ఎవరి సమయాన్ని ముందు కాపాడాలో మీరే చెప్పండి.

ఇక మనం చేయగలిగినవి. ప్రాజెక్టులు చేసే చెల్లెళ్లు వైవాకు వెళ్లేముందు ప్రతి పేజీలోనూ సగం నింపి ఫోన్ తిప్పి చూడండి. పంపు బొత్తాం నొక్కిన మరుక్షణం తిప్పండి. భాష తెలుగుకు మార్చండి, అక్షరాలు పెంచండి, బల్ల మీద పరచండి. డెవలపర్ ఆప్షన్లలో "డోంట్ కీప్ యాక్టివిటీస్" అని ఒకటి ఉంటుంది, అది పెట్టి బయటకు వెళ్లి తిరిగి రండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్‌ను మీ పక్కనున్న నలుగురికీ ఇచ్చి నింపమనండి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఉద్యోగాల్లో ఉన్న అక్కలారా, మీ జట్టులో "ఇది అరుదుగా జరుగుతుందిలే" అని ఎవరైనా అంటే, ఎవరికి అరుదు అని అడగండి. ఆ ప్రశ్న అడగగలిగినవాళ్లు ఆ గదిలో మీరే కావచ్చు.

యాప్‌లు వాడే చెల్లెళ్లకు కూడా ఒక మాట. అన్ని యాప్‌లూ బాగుపడేదాకా దరఖాస్తు నింపేముందు ఆటో రొటేట్ ఆపుకోండి. పైనుంచి తెరను కిందికి లాగితే ఆ గుర్తు కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, అది ఆపి ఉన్నప్పుడు ఫోన్ వంగితే మూలన చిన్న తిరుగుడు గుర్తు కనిపించవచ్చు. నింపుతున్నంతసేపూ దాన్ని ముట్టుకోవద్దు. నంబర్లన్నీ ముందే కాగితం మీద రాసుకోండి. ఇది మన జాగ్రత్తే గానీ మన బాధ్యత కాదని గుర్తుంచుకోండి. రాసింది పోతే ఏ ఫోన్, ఏ పేజీ, ఏం చేస్తుండగా పోయిందో రాసి యాప్ వాళ్లకు ఫిర్యాదు పంపండి. "యాప్ బాగాలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "నాలుగో పేజీలో ఫోన్ అడ్డం తిప్పితే మొదటి పేజీకి పోతోంది" అని రాస్తే, బాగుచేయడానికి వాళ్లకు దారి దొరుకుతుంది.

యాప్‌లు రాసే పనిలోకి మనవాళ్లు ఇప్పుడిప్పుడే వెళ్తున్నారు. మీలో కొందరు రేపు బ్యాంకులకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ శాఖలకు యాప్‌లు రాస్తారు. పెద్ద పెద్ద విషయాలు నేర్చుకోండి, కాదనను. వాటితోపాటు, ఎవరైనా కష్టపడి రాసుకున్న నాలుగు అక్షరాలను కాపాడటం కూడా నేర్చుకోండి. ఫోన్ ఎటు తిరిగినా సరే, అవి అక్కడే ఉండాలి.

— మీ అక్క, హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎం.సి.ఏ.